ట్యాంకు మూతి చివరి పని కాదు

వాహనానికి బాడీ కట్టే పనిలో ఇంధనం పోసే మూతికి దక్కేది చివరి వరస. ఛాసిస్ మీద ఫ్రేము నిలబడుతుంది, రేకు పడుతుంది, తలుపులు బిగుస్తాయి, ఒక్కోసారి ప్రైమర్ కూడా ఆరిపోతుంది. ట్యాంకు నుంచి పైపును ఏ దారిన బయటికి తేవాలన్న ప్రశ్న అప్పుడు పుడుతుంది. అప్పటికి జాగా ఎక్కడ మిగిలితే అక్కడ రంధ్రం పడుతుంది, పైపు ఎటు వంగితే అటు వంగుతుంది. ఈ వరస మారాలి. మూతి ఎక్కడుండాలో తేలాకే రేకు కోయాలి. ట్యాంకుకూ మూతికీ మధ్య ఉన్న అతుకు ఇంకా కంటికి కనిపిస్తుండగానే రవాణా శాఖ దాన్ని పరీక్షించాలి. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న కామారెడ్డిలోనూ, మెదక్ నుంచి బోధన్ వైపు వెళ్లే దారిలో ఉన్న ఎల్లారెడ్డిలోనూ ఇది మొదలుపెట్టడానికి పెద్ద యంత్రాంగం ఏమీ అక్కర్లేదు. ఒక నిర్ణయం, ఒక చేతిపంపు, ఒక గేజీ ఉంటే చాలు.

ఈ సమస్య స్వచ్ఛంగా కనిపించేది కిట్ కార్లలో. ఇంజిను, గేరుబాక్సు, ఇరుసులు ఒకచోట నుంచి, బాడీ మరోచోట నుంచి తెచ్చుకొని సొంత షెడ్డులో బిగించుకునే కార్లివి. 1957లో బ్రిటన్‌లో వచ్చిన లోటస్ సెవెన్ వీటిలో పేరున్నది. పూర్తి కారు మీద అక్కడ అప్పుడుండే కొనుగోలు పన్ను విడిభాగాల మీద పడేది కాదు కాబట్టి జనం పెట్టెల్లో కొనుక్కొని ఇంట్లో బిగించుకున్నారు. మన దేశంలో ఆ పేరుతో కాకపోయినా ఆ పని ఉంది. హర్యానాలోని మండీ డబ్వాలీ పాత జీపుల భాగాలతో కొత్త జీపులు కట్టడానికి పేరుపడింది. హైదరాబాదు బహదూర్‌పురాలో సుధాకర్ నెలకొల్పిన సుధా కార్స్ మ్యూజియంలో వంకాయ, కెమెరా, క్రికెట్ బ్యాటు ఆకారాల్లో చేతితో కట్టిన బళ్లున్నాయి, అవి నడుస్తాయి కూడా. ఆకారం ఏదైనా, దాన్ని కట్టే మనిషి ఒక చిక్కు తప్పించుకోలేడు: లోపల ట్యాంకు ఒకచోట, బయట చర్మం మరోచోట ఉంటాయి. ఆ రెంటినీ కలిపే జానెడు పైపును కంపెనీ ఇంజినీరు గీసి ఇవ్వడు.

కామారెడ్డిలో కిట్ కార్లు ఎక్కడున్నాయి, ఈ గొడవ మనకెందుకు అని అడగవచ్చు. అడగాల్సిన మాటే. కానీ ప్రశ్న కారు పేరు గురించి కాదు, కంపెనీ బయట బాడీ కట్టే చేతుల గురించి. మన దగ్గర బస్సుల్లో చాలా భాగం కంపెనీ నుంచి ఒట్టి ఛాసిస్‌గానే వస్తాయి. ట్యాంకు ఛాసిస్‌కే ఉంటుంది, దానికి ఎదురుగా పక్క రేకులో కిటికీ కోసి చిన్న తలుపు పెట్టేది బాడీ కట్టేవాడు. ఆ తలుపు రెండంగుళాలు పక్కకు పడిందంటే బంకులో ఇంధనం పోసే గన్ను వంకరగా దూరుతుంది, ఆ వంకర బస్సు తుక్కుకు వెళ్లేదాకా ఉంటుంది. దూరప్రయాణాల లారీలకు అదనపు డీజిలు ట్యాంకు తగిలించుకోవడం అందరికీ తెలిసిందే. పాత జీపుకు కొత్త తొట్టి కట్టించుకునేవాళ్లు, ప్రమాదంలో నలిగిన కారు వెనక భాగం కోసి అతికించుకునేవాళ్లు ప్రతి తాలూకా కేంద్రంలో ఉంటారు. వీళ్లందరి పనీ కిట్ కారు పనే.

మూతి పెట్టడం అంటే రంధ్రం కొట్టడం అనుకుంటాం. అసలు పని పైపుది. బంకులో గన్ను తనంతట తాను ఆగిపోవడం రోజూ చూస్తాం. దాని కొన దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది. ఇంధనం పారుతున్నంతసేపూ ఆ రంధ్రం గుండా గాలి లోపలికి లాగబడుతుంది. ట్యాంకు నిండి ఇంధనం పైకొచ్చి ఆ రంధ్రాన్ని మూయగానే గాలి ఆగి, లోపలి పొర కదిలి, గన్ను మూసుకుంటుంది. ఇప్పుడు మూతి పైపు చటుక్కున మలుపు తిరిగిందనుకోండి, లేదా దాదాపు అడ్డంగా పడుకొని ఉందనుకోండి. నిమిషానికి 40 లీటర్ల దాకా వచ్చే ధార ఆ మలుపును కొట్టి వెనక్కి చిమ్ముతుంది. చిమ్మిన తుంపర రంధ్రాన్ని మూస్తుంది. ట్యాంకు సగం కూడా నిండకుండానే గన్ను ఆగిపోతుంది. పోసే కుర్రాడు మళ్లీ నొక్కుతాడు, మళ్లీ ఆగుతుంది. చివరికి గన్ను కొంచెం బయటికి లాగి చూసుకుంటూ పోస్తాడు, అప్పుడు పొంగి బాడీ మీదుగా కారుతుంది. ఆ కారుడుకు కుర్రాడిని తిట్టడం అన్యాయం, తప్పు షెడ్డులోనే జరిగిపోయింది. పైపు ట్యాంకు దాకా ఎక్కడా ఎత్తు పెరగకుండా, మధ్యలో గుంట పడకుండా ఏకధాటిగా వాలాలి. గుంట పడితే అక్కడ ఇంధనం నిలిచిపోయి వెనక వచ్చేదానికి అడ్డుపడుతుంది. దానికి తోడు, ట్యాంకు పైకప్పు నుంచి మూతి దగ్గరికి ఒక సన్నని గాలిగొట్టం వేరుగా రావాలి. ద్రవం లోపలికి పోవాలంటే అంత గాలీ బయటికి రావాలి కదా. ఆ గొట్టం లేని ట్యాంకు గుటకలు వేస్తూ నిండుతుంది, ప్రతి గుటకకూ కొంత బయటికి కక్కుతుంది.

ఇంజినీరింగు విద్యార్థులు సొంతంగా కట్టే పోటీకార్ల నియమావళి దీన్ని ఎంత పట్టించుకుందో చూస్తే మన నిర్లక్ష్యం అర్థమవుతుంది. ఫార్ములా ఎస్ఏఈ పాత నియమాల్లో మూతి పైపు లోపలి వ్యాసం కనీసం 38 మిల్లీమీటర్లు, నిలువు ఎత్తు కనీసం 125 మిల్లీమీటర్లు, వాలు నిలువు నుంచి 45 డిగ్రీలకు మించరాదు అని రాసిపెట్టారు. ఇరవై ఏళ్ల పిల్లలు మూడు కొలతలు పాటించి కారు కట్టగలిగినప్పుడు, ముప్ఫై ఏళ్ల అనుభవమున్న మేస్త్రీ పాటించలేడని అనుకోవడానికి కారణం లేదు. ఆ కొలతలు అతని చేతికి ఎవరూ ఇవ్వలేదు, అంతే. జిల్లాలో ఐటీఐ చదివే వెల్డరుకు అతుకు ఎలా వేయాలో నేర్పుతారు. ఏ అతుకు పక్కన సైలెన్సరు పోకూడదో కూడా అదే బల్ల మీద నేర్పాలి.

స్థానం విషయానికొస్తే, బస్సుల మీద ఐక్యరాజ్యసమితి 36వ నిబంధన చెప్పిన మాటలు షెడ్డు గోడ మీద రాసుకోదగినవి. మూతి బయటి నుంచే అందాలి, ప్రయాణికుల గదిలోకి గానీ డ్రైవరు గదిలోకి గానీ రాకూడదు. తలుపు సందు నుంచి పెట్రోలు బండికి 50 సెంటీమీటర్లు, డీజిలు బండికి 25 సెంటీమీటర్లు ఎడం ఉండాలి. పోసేటప్పుడు కారినది ఇంజిను మీదా సైలెన్సరు మీదా పడే అవకాశం ఉండకూడదు. వీటికి మన రోడ్లనుబట్టి నేను ఇంకొకటి చేరుస్తాను: దారిమధ్యలో ఇంధనం అయిపోయి డబ్బాతో పోసుకునే పరిస్థితి పల్లెదారుల్లో ఇంకా ఉంది కాబట్టి, మిగతా షరతులన్నీ కుదిరితే మూతి ఎడమ పక్కన ఉండటం మేలు. కుడిపక్కన ఉంటే పోసే మనిషి వచ్చే లారీలకు వీపు పెట్టి నిలబడాలి. మూతి చుట్టూ చిన్న పళ్లెం లాంటి గుంట, దాని అడుగున నేలకు దిగే సన్నని గొట్టం ఉంటే పొంగినది బాడీ సందుల్లోకి పోకుండా కిందికి జారిపోతుంది. వెనక చక్రం గొడుగులోంచి పైపు తీస్తే టైరు విసిరే కంకర నుంచి దానికి రేకు కవచం తప్పనిసరి.

ఫైబరు బాడీ అయితే ఇంకో ప్రమాదం చేరుతుంది, దీని గురించి మన షెడ్డుల్లో మాట్లాడుకునేది తక్కువ. ఇనుప బాడీలో మూతి దానంతటదే ఛాసిస్‌తో విద్యుత్ సంబంధంలో ఉంటుంది. ఫైబరు విద్యుత్తును పోనివ్వదు. పైపులో పారే ఇంధనం రాపిడితో స్థిరవిద్యుత్తు పోగేస్తుంది. మూతి దగ్గరున్న లోహపు వలయం ఫైబరులో ఒంటరిగా ఉండి, కింద రబ్బరు గొట్టం కూడా విద్యుత్తును ఆపేస్తే, పోగైన విద్యుత్తుకు మిగిలిన దారి గన్ను దగ్గర చిన్న నిప్పురవ్వ. పెట్రోలు ఆవిరి మైనస్ 40 డిగ్రీల దగ్గర నుంచే అంటుకోగలదు కాబట్టి ఆ రవ్వ చాలు. మందు చాలా చిన్నది: మూతి వలయం నుంచి ఛాసిస్ దాకా ఒక తీగ. కిట్ కారు కట్టేవాడు ఇది మరిచిపోయాడంటే మిగతా పనితనమంతా వృథా. గొట్టం కూడా ఇంధనానికి పనికొచ్చేదే అయివుండాలి, రేడియేటరు గొట్టం కాదు. దేశంలో పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఈ జిల్లా రైతులు పండించే మొక్కజొన్న, చెరకు లాంటి పంటల నుంచే ఆ ఇథనాల్ వస్తుంది, అది సంతోషించాల్సిందే. కానీ ఇథనాల్ మామూలు రబ్బరును ఉబ్బిస్తుంది, పాత రకం పాలియెస్టర్ రెజిన్‌ను మెత్తబరుస్తుంది. అమెరికాలో 10 శాతం కలపడం మొదలైనప్పుడే పాత పడవల ఫైబరు ట్యాంకులు దెబ్బతిన్నాయి. కాబట్టి మూతి మెడను బాడీతో పాటు ఫైబరులోనే పోత పోయడం చూడటానికి ముచ్చటగా ఉన్నా చేయకూడని పని.

ఒక్క జానెడు పైపుకు ఇంత ప్రాధాన్యం అవసరమా అనేవాళ్లు ఫోర్డ్ పింటో చరిత్ర చూడాలి. 1970ల అమెరికాలో లక్షల సంఖ్యలో అమ్ముడైన చిన్న కారది. ట్యాంకు వెనక ఇరుసుకూ బంపరుకూ మధ్య ఉండేది. మూతి పైపు ట్యాంకులోకి దూరిన చోట పట్టు బలంగా ఉండేది కాదు. వెనక నుంచి గుద్దినప్పుడు ట్యాంకు ముందుకు జరిగి, బాడీకి బిగిసిన పైపు దాన్నుంచి ఊడొచ్చేది. ఊడిన రంధ్రం నుంచి పెట్రోలు రోడ్డు మీదికి పారేది. జనం కాలిపోయారు, కోర్టుల్లో కేసులు నడిచాయి, 1978లో కంపెనీ సుమారు 15 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. పిలిచి వాటికి చేసిన మరమ్మతు ఏమిటి? ట్యాంకుకు ప్లాస్టిక్ కవచం, మరింత పొడవైన మూతి పైపు, మెరుగైన సీలు. ముందే పెట్టివుంటే సరిపోయేవి. ట్యాంకు ఛాసిస్‌తో కదులుతుంది, మూతి బాడీతో కదులుతుంది. గుద్దినప్పుడు అవి రెండు దిక్కులకు పోతాయి. మధ్యలో సాగే గొట్టం, పైపు కొనలో గొట్టం జారిపోకుండా ఉబ్బెత్తు అంచు, రెండు వైపులా క్లిప్పులు ఉండాలి. పేరున్న కంపెనీ ఇంజినీర్లే తడబడ్డ చోట, ఆర్డరు తొందరలో ఉన్న షెడ్డుకు కొలతలూ పరీక్షా లేకుండా వదిలేయడం ఎంతవరకు సబబు?

మనదంతా డీజిలే కదా, అది అంత తేలిగ్గా అంటుకోదు అన్నది అందరూ చెప్పే మాట. సగమే నిజం. భారతీయ ప్రమాణం ప్రకారం వాహన డీజిలు ఫ్లాష్ పాయింట్ 35 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలి. అంటే ఆ వేడికి అటూఇటూగా దాని ఆవిరి నిప్పు అందుకోవచ్చు. మన వేసవి నీడలోనే 40 దాటుతుంది, ఎండలో రేకు వేడి వేరే చెప్పాలా. పైగా రవ్వ అక్కర్లేకుండా వేడికే అంటుకునే గుణంలో డీజిలు పెట్రోలును మించుతుంది. 210 నుంచి 250 డిగ్రీల దగ్గర అది తనంతట తానే మండుతుంది, పరుగులో ఉన్న బండి ఎగ్జాస్టు ఆ వేడిని సులువుగా దాటుతుంది. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు కల్వర్టును ఢీకొని, డీజిలు ట్యాంకు పగిలి, 45 మంది సజీవదహనమయ్యారు. 2025 అక్టోబరు 24న కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర బస్సు కింద ఇరుక్కున్న మోటారుసైకిలును ఈడ్చుకుపోవడంతో దాని పెట్రోలు కారి మంటలు లేచాయి, బస్సులో 19 మంది, బైకు నడిపిన యువకుడు ప్రాణాలు కోల్పోయారు. రెండూ కామారెడ్డి మీదుగా వెళ్లే ఈ 44వ రహదారి మీదే. ఈ రెండు ఘోరాలకూ షెడ్డులో పెట్టిన మూతి కారణం కాదు, అలా అనడం నా ఉద్దేశం కాదు. అతివేగం, చీకటి, తెరుచుకోని దారులు, ఇవన్నీ ఉన్నాయి. కానీ ఇంధనం ఉండాల్సిన పాత్రలోంచి బయటికి వచ్చిన తర్వాత లోపలున్నవాళ్లకు మిగిలే సమయం ఎంత తక్కువో ఆ రాత్రులు చూపాయి. దాన్ని పాత్రలోనే ఉంచే పనిలో మూతి, దాని అతుకు, దాని మూత ఒక భాగం.

మంటే కాదు, నీళ్లూ ఉన్నాయి. 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాలో కురిసిన వాన ఇంకా ఎవరూ మరవలేదు. రాజంపేట మండలం అర్గొండలో ఒక్కరోజులో 40 సెంటీమీటర్లకు పైగా పడింది, రోడ్లు తెగాయి, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. గాలిగొట్టం కొస తక్కువ ఎత్తులో, మూతి ట్యాంకుకు ఆనుకొని ఉన్న బండి అలాంటి నీళ్లలో ఆగితే ట్యాంకులోకి నీరు చేరుతుంది. డీజిలు ఇంజినుకు నీళ్లు పోతే పంపూ ఇంజెక్టర్లూ పాడవుతాయి. గాలిగొట్టాన్ని బాడీలో వీలైనంత ఎత్తుకు తీసుకెళ్లి కొసను కిందికి వంచడం ఒక గంట పని.

చట్టం ఇప్పటికే కఠినంగా ఉంది కదా అన్నది బలమైన అభ్యంతరం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నమోదు చేసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా పునరుద్ఘాటించింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా వచ్చాయి. బస్సు బాడీలకు ఏఐఎస్ 052 నియమావళి ఉంది. అయితే నిషేధం మాత్రమే ఉన్నచోట పని ఆగదు, చాటుకు పోతుంది. చాటున చేసిన అతుకును ఎవరూ చూడరు. బ్రిటన్ 1998 నుంచి సొంతంగా కట్టిన కార్లకు ఒక్కొక్కటిగా పరీక్ష పెట్టి రోడ్డు మీదికి అనుమతిస్తోంది, 2009 నుంచి ఆ పరీక్ష మరింత కట్టుదిట్టమైంది. పాసు కాకపోతే బండి రోడ్డెక్కదు, అయితే కట్టినవాడు నేరస్థుడూ కాడు. అలాంటి దారి ఇక్కడ తెరిస్తే రోడ్లన్నీ నాటుబళ్లతో నిండిపోతాయన్న భయం ఉంది. అది నేనూ కాదనను. అందుకే అందరికీ తలుపులు తెరవమని అడగడం లేదు. నమోదైన షెడ్డు, కొత్తగా కట్టిన బాడీ, కట్టుబడి మధ్యలో ఒక పరీక్ష, పూర్తయ్యాక ఒక పరీక్ష: ఈ నాలుగూ ఉన్నవాటికి మాత్రమే.

మధ్యలో పరీక్ష అనడానికి కారణం ఉంది. రంగు ఆరి, సీట్లు పడ్డ తర్వాత మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుకు కనిపించేది మూత ఒక్కటే. అతుకు, క్లిప్పు, గాలిగొట్టం, ఎర్తు తీగ అన్నీ రేకు వెనక్కి పోతాయి. లోపలి పలకలు మూయకముందే వాటిని ఫొటో తీసి నమోదు కాగితాలతో జతచేయాలి. తర్వాత ట్యాంకును నీటితో నింపి 0.3 బార్ ఒత్తిడి పెట్టి ఒక నిమిషం ఆపి చూడాలి. ఐక్యరాజ్యసమితి 34వ నిబంధన ట్యాంకులకు కోరే కనీస ఒత్తిడి అదే. చేతిపంపుకూ గేజీకీ అయ్యే ఖర్చు బస్సుకు వేసే ఒక స్టిక్కరు ఖర్చును మించదు. ఆ తర్వాత బంకుకు తీసుకెళ్లి గన్ను పూర్తిగా నొక్కి పోయించాలి. మధ్యలో ఆగకుండా, చిమ్మకుండా నిండితే పైపు వాలు సరిగా ఉన్నట్టే. అక్కడే ఇంకో సంగతి గమనించాలి: మూతి అంచు దాకా నింపుకునే వీలుండకూడదు. 40 లీటర్ల పెట్రోలు 20 డిగ్రీలు వేడెక్కితే ముప్పావు లీటరు పెరుగుతుంది, దానికి పైన ఖాళీ ఉండాలి. ఇన్‌స్పెక్టర్లు తక్కువ, పని ఎక్కువ అన్నది నిజమే. ఈ పరీక్షకు అరగంట చాలు, ఫొటోలు చూడటానికి ఇన్‌స్పెక్టరు షెడ్డుకు రావాల్సిన పనీ లేదు.

రేపు అన్నీ కరెంటు బళ్లే అయినప్పుడు ఈ పట్టింపు దేనికని కొందరంటారు. ఈ ఏడాది నమోదయ్యే డీజిలు బస్సు పదిహేనేళ్లు తిరుగుతుంది. కరెంటు బండికీ ఛార్జింగు మూతి ఉంటుంది, దానికీ నీళ్లూ గుద్దుళ్లూ తప్పవు. అదనపు పని డబ్బు ఎవరు భరించాలన్నదే నిజంగా తేల్చాల్సిన ప్రశ్న. నా ఉద్దేశంలో అది బాడీ ఆర్డరు ఇచ్చేవాళ్లది, షెడ్డు మేస్త్రీది కాదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ డివిజన్లలో బడిబస్సులు ఏటా జూన్‌లో బడులు తెరిచే ముందు ఫిట్‌నెస్‌కు రావాల్సిందే. ఆ క్యూలో కొత్తగా బాడీ కట్టిన బస్సులకు ఈ ఒత్తిడి పరీక్ష, అతుకు ఫొటోలు తప్పనిసరి చేస్తూ జిల్లా రవాణా అధికారి ఈ చలికాలంలోనే పాఠశాలలకూ షెడ్డులకూ రాతపూర్వకంగా తెలియజేస్తే, వచ్చే వేసవిలో కట్టే బాడీలకు రేకు కోయకముందే మూతి స్థానం గీసుకోవడానికి వాళ్లకు వ్యవధి ఉంటుంది.